అక్షరములకు రంగు వేయు విద్య



కంప్యూటరులో వర్డు ప్రాసెసరును మొదటిసారి తెఱచిన బాలుడు తన పేరు వ్రాసికొనిన వెంటనే చేయు రెండవ పని ఆ పేరునకు రంగు వేయుట. మూడవ పని రంగు మార్చుట. శీర్షిక ఎఱుపు, దాని క్రింది పంక్తి ఆకుపచ్చ, పిదప నీలము, నడుమ నొక పసుపు మాట; ఇట్లు ఒక్క పుట తిరునాళ్ల అంగడివలె నగును. ఈ యుత్సాహమును మేము నిందింపము. అయినను రంగు అలంకారము మాత్రమే గాదనియు, అది చదువరికి మన మిచ్చు నొక సంకేతమనియు మీరు తెలిసికొనవలయును. సంకేతము సరిగా నున్నచో చదువరికి దారి చూపును. తప్పినచో దారి మఱపించును.

ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతములలో నేడు దరఖాస్తులు, ప్రకటనలు, ప్రశ్నపత్రములు, శుభలేఖలు అన్నియు కంప్యూటరు మీదనే సిద్ధమగుచున్నవి. మీలో కొందఱు త్వరలో ఈ పనిచేతనే జీవనము సంపాదింతురు. కావున వ్రాతలో రంగును మన కిష్టమైనట్లు ఏర్పఱచుకొనుట యెట్లో, ఏర్పఱచుకొనిన రంగును ఎచ్చట వాడవలయునో, ఎచ్చట వాడరాదో ఈ పాఠమున వివరించుచున్నాము. తల్లిదండ్రులును దీనిని చదువుదురు గాక. పాఠశాల నుండి వారికి వచ్చు కాగితములకును ఇది సంబంధించినదే.

1. పూర్వులు రంగును వాడిన తీరు

మన పూర్వులు తాటియాకులపై గంటముతో వ్రాసిరి. గంటము ఆకుపై సన్నని గాడి చేయునే గాని సిరా నింపదు. వ్రాసిన పిమ్మట మసిని పూసి తుడిచినచో, గాడులలో మసి నిలిచి అక్షరములు నల్లగా కన్పట్టును. కాబట్టి తాటియాకు గ్రంథమున సాధారణముగా రంగు ఒక్కటే. అధ్యాయము ముగిసినదని చెప్పుటకు లేఖకుడు రంగు మార్చుకొనలేక, ఒక గీతనో, చిన్న గుర్తునో పెట్టెడివాడు.

కాగితమును కలమును వాడుకలోనికి వచ్చిన పిదప ఇంగిలీకము మొదలగువానితో ఎఱ్ఱసిరా చేసి, ప్రకరణముల పేర్లను, ముగింపు వాక్యములను వేఱుగా చూపుట సులభమయ్యెను. ఐరోపా ఖండమునందును ఇదే జరిగినది. లాటిను భాషలో ‘రుబ్రికా’ అనగా ఎఱ్ఱమన్ను, అనగా మన జేగురు వంటిది. మధ్యయుగపు లేఖకులు శీర్షికలను ఆ రంగుతో వ్రాయుటచేత, కాలక్రమమున శీర్షికకే ‘రూబ్రిక్’ అను పేరు నిలిచెను. మన యిండ్లలో అరుగునకు ఎఱ్ఱమన్ను పూసి దానిపై తెల్లని ముగ్గు వేయుదురు. ఎఱ్ఱని నేల లేనిచో తెల్లని గీత యంత స్పష్టముగా కానరాదు. ఆ ముగ్గు వేయు తల్లికి తెలిసిన సూత్రమే ఈ పాఠమంతటికిని మూలము.

అచ్చుయంత్రము వచ్చిన తరువాత రంగు ఖరీదైన వస్తువయ్యెను. రెండు రంగులలో అచ్చొత్తవలెనన్నచో సాధారణముగా నొకే కాగితమును రెండు మాఱులు యంత్రము క్రింద పంపవలసియుండెను. కావున అవసరము లేనిదే ఎవరును రెండవ రంగును కోరెడివారు కారు. 1899లో న్యూయార్కు నగరమున లూయీ క్లాప్ష్ అను పత్రికా సంపాదకుడు క్రీస్తు పలికిన మాటలను ఎఱుపున అచ్చువేయించి క్రొత్త నిబంధనను వెలువరించెను. 1901లో సంపూర్ణ బైబిలు అట్లే వెలువడెను. ఆ గ్రంథములలో ఎఱుపు సొంపు కొఱకు వేసినది గాదు. ‘ఇచ్చట మాటలాడుచున్నది ఎవరు?’ అను ప్రశ్నకు అది యుత్తరము.

టైపు యంత్రమునకు సిరా రిబ్బను ఉండెడిది. అనేక యంత్రములలో ఆ రిబ్బను పైసగము నలుపు, క్రిందిసగము ఎఱుపు. ఒక చిన్న మీటను త్రిప్పినచో అక్షరము ఎఱ్ఱగా పడెడిది. లెక్కల పట్టికలలో లోటును చూపుటకు గుమస్తాలు ఆ మీటను వాడెడివారు. మన గోడలపై వ్రేలాడు క్యాలెండరులో ఆదివారములును సెలవుదినములును నేటికిని ఎఱుపుననే యుండును.

ఈ యుదాహరణములన్నిటిలో రంగులు కొద్ది. ప్రతి రంగునకును ఒక్కొక్క పని కలదు. రంగు ఖరీదుగా నున్న కాలమున ఈ నియమము తనంతట తాను నిలిచినది. నేడు తెఱమీద రంగునకు ఖరీదు లేదు. కావున నియమమును మనమే పెట్టుకొనవలయును.

2. కంప్యూటరునకు రంగు ఒక సంఖ్య

1666 ప్రాంతమున ఐజాక్ న్యూటను సూర్యకాంతిని గాజు పట్టకము గుండ పంపి, తెల్లని వెలుగునందు అనేక వర్ణములు దాగియున్నవని కనుగొనెను. ఆ పరిశోధనలను 1704లో ‘ఆప్టిక్స్’ అను గ్రంథముగా ప్రకటించెను. 1802లో థామస్ యంగ్ అను వైద్యుడు మన కన్ను మూడు విధములగు గ్రాహకములతోనే రంగులన్నిటిని గుర్తించుచున్నదని యూహించెను. 1861లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులను తెరపై నొకచో కలిపి, రంగుల పట్టీ ముడి యొక్క రంగుల ఛాయాచిత్రమును సభలో ప్రదర్శించెను.

కంప్యూటరు తెఱయు ఈ మూడు వెలుగులతోనే పనిచేయుచున్నది. తెఱపై ప్రతి చుక్కలోను ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు చిన్న దీపము లున్నవనుకొనుడు. ఒక్కొక్క దీపము యొక్క వెలుగును 0 నుండి 255 వఱకు గల సంఖ్యతో తెలుపుదురు. 0 అనగా దీపము ఆరినది. 255 అనగా పూర్తిగా వెలిగినది. ఒక్కొక్కదానికి 256 మెట్లు కలవు గావున, 256ను 256తోను, వచ్చిన దానిని మరల 256తోను గుణింపగా 1,67,77,216 రంగులగును.

మూడు సంఖ్యలను ఎల్లప్పుడు ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను వరుసలోనే చెప్పుదురు. 0, 0, 0 అనగా దీపములన్నియు ఆరినవి, అది నలుపు. 255, 255, 255 అనగా అన్నియు వెలిగినవి, అది తెలుపు. 255, 0, 0 తీక్షణమైన ఎఱుపు. 255, 255, 0 పసుపు. ఎఱ్ఱని వెలుగును ఆకుపచ్చ వెలుగును కలిసిన పసుపగునా యని మీరు ఆశ్చర్యపడవచ్చును. రంగుల డబ్బాలో ఎఱుపును ఆకుపచ్చను కలిపినచో మడ్డిరంగు వచ్చును గదా! వెలుగులు కలిసినప్పుడు కాంతి హెచ్చును. పూతలు కలిసినప్పుడు కాంతి తగ్గును. అందుచేతనే ప్రింటరులో తెఱపై గల మూడు రంగులకు బదులుగా లేతనీలము, మజెంటా, పసుపు, నలుపు అను నాలుగు సిరాలు వాడుదురు. తెఱపై చూచిన రంగు కాగితముపై కొంత మాఱుటకు ఇదియే ముఖ్యకారణము.

సంఖ్యతో చెప్పుటవలన మఱియొక లాభము గలదు. మన భాషలో ‘పచ్చ’ అను మాట రెండు రంగులకు చెల్లును. పచ్చని పైరు అన్నచో ఒక రంగు. పచ్చని బంగారము అన్నచో వేఱొక రంగు. ‘పచ్చగా వేయుము’ అని అచ్చుకూటమునకు చెప్పి పంపినచో ఏది వచ్చునో చెప్పజాలము. ఇటుక రంగు, వంకాయ రంగు, మావిచిగురు రంగు అను పేర్లు చెవికింపుగా నుండును గాని, నీ యిటుకయు నా యిటుకయు నొకటి గాకపోవచ్చును. 178, 34, 34 అని చెప్పినచో ఆత్మకూరులోను అమెరికాలోను కంప్యూటరునకు అందు నాజ్ఞ ఒకటే. దీనినే పదునాఱింటి లెక్కలో, అనగా 0 నుండి 9 వఱకు అంకెలును, పిదప ఏ నుండి ఎఫ్ వఱకు ఇంగ్లీషు అక్షరములును వాడి, ఆఱు స్థానములలో వ్రాయుటయు గలదు. ఆ లెక్కలో 255ను రెండు ఎఫ్‌లుగా వ్రాయుదురు.

3. కావలసిన రంగును ఏర్పఱచుకొను విధము

మైక్రోసాఫ్ట్ వర్డ్ నందు ఈ క్రమమును అనుసరింపుడు.

మొదట రంగు వేయవలసిన మాటలను మౌసుతో ఎన్నుకొనుడు. పైన ‘హోమ్’ అను భాగములో, క్రింద రంగు పట్టీ గల ఇంగ్లీషు ‘ఏ’ అక్షరము కనబడును. అదే ‘ఫాంట్ కలర్’. దాని ప్రక్కనున్న చిన్న బాణమును నొక్కినచో రంగుల పలక తెఱచుకొనును. అందు పైన ‘ఆటోమాటిక్’, దాని క్రింద ‘థీమ్’ రంగులు, ఆ క్రింద పది ‘స్టాండర్డ్’ రంగులు ఉండును. వీనిలో మీకు వలయునది లేనిచో అడుగుననున్న ‘మోర్ కలర్స్’ను నొక్కి, ‘కస్టమ్’ అను పుటను తెఱవుడు. అచ్చట మూడు గడులలో మూడు సంఖ్యలు వ్రాసి ‘ఓకే’ నొక్కుడు. మీ రంగు సిద్ధమైనది. తరువాత అదే ఫైలులో పనిచేయునప్పుడు ఆ రంగు ‘రీసెంట్ కలర్స్’ వరుసలో కనబడును.

వెల లేకుండ లభించు లిబ్రె ఆఫీస్ రైటర్ నందును పద్ధతి ఇట్టిదే. ఫాంట్ రంగు బాణమును నొక్కి, పలక అడుగున ‘కస్టమ్ కలర్’ను ఎన్నుకొని, సంఖ్యలు వ్రాయవలయును.

‘ఆటోమాటిక్’ అనునది నలుపునకు మాఱుపేరని చాలమంది తలంతురు. అది సరికాదు. తెల్లని పుటపై అది నలుపుగానే కనబడును. కాని మాటల వెనుక ముదురు రంగు వేసినప్పుడు అది తానే తెలుపుగా మాఱును. 0, 0, 0 అని సంఖ్యతో వేసిన నలుపు అట్లు మాఱదు. కావున సాధారణమైన వ్రాతను ‘ఆటోమాటిక్’గా నుంచుట మేలు.

అక్షరము వెనుక రంగు పూయుటకు ‘హైలైట్’ అను సాధనము గలదు. వర్డ్‌లో దానికి పదునైదు రంగులే యున్నవి; అందు మన సంఖ్యలు చెల్లవు. వెనుక వేఱొక రంగు వలయునన్నచో ‘షేడింగ్’ అను దానిని వాడవలయును. అక్షరములకు వేసిన రంగును తీసివేయవలయునన్నచో, మాటలను ఎన్నుకొని వర్డ్‌లో కంట్రోలును స్పేసు మీటను కలిపి నొక్కుడు. రైటర్‌లో కంట్రోలును ‘ఎమ్’ మీటను కలిపి నొక్కవలయును.

4. ఒక్కొక్క మాటకు గాదు, ఒక్కొక్క పనికి

నలువది పుటల పత్రికలో ముప్పది శీర్షికలున్నవనుకొనుడు. ఒక విద్యార్థి ముప్పదింటిని ఒక్కొక్కటిగా ఎన్నుకొని నీలము వేసెను. పని ముగిసిన పిదప ‘నీలము వలదు, ఇటుక రంగు కావలయును’ అని చెప్పిరి. అతడు ముప్పది మాఱులు మరల శ్రమపడవలయును. అందు రెండు మూడు మఱచిపోవుటయు నిశ్చయము.

రెండవ విద్యార్థి ప్రతి శీర్షికకును రంగు వేయక, ‘ఇది శీర్షిక’ అని మాత్రము తెలిపెను. దీనికై ‘స్టైల్స్’ అను వరుసలో ‘హెడింగ్ 1’ అనునది గలదు. పిమ్మట ఆ ‘హెడింగ్ 1’పై మౌసు కుడిమీటను నొక్కి, ‘మాడిఫై’ అను దానిలో రంగును ఒక్కమాఱు ఏర్పఱచెను. ముప్పది శీర్షికలును ఒక్కసారిగా రంగు దాల్చినవి. రంగు మార్చవలసివచ్చినను ఒక్క మార్పు చాలును.

‘థీమ్’ అనునది ఇంతకంటె పెద్ద యేర్పాటు. వర్డ్‌లో ‘డిజైన్’ భాగమున ‘కలర్స్’ తెఱచి, ‘కస్టమైజ్ కలర్స్’ నొక్కినచో పండ్రెండు స్థానములు కనబడును. వీనిలో నాలుగు వ్రాతకును దాని వెనుక నేలకును, ఆఱు ప్రత్యేక రంగులకును, రెండు లంకెలకును చెందినవి. ఒక పాఠశాల తనకు తగిన రంగులను ఇచ్చట నింపి, ఒక పేరు పెట్టి దాచుకొనినచో, ప్రతి సంవత్సరము పత్రికకును అదే పలకను వాడుకొనవచ్చును. అయితే ఒక సంగతి గుర్తుంచుకొనుడు. థీమ్ పలక నుండి తీసికొనిన రంగులు థీమ్ మార్చినప్పుడు తామును మాఱును. ‘మోర్ కలర్స్’లో సంఖ్యలతో వేసిన రంగులు మాఱక అట్లే నిలుచును. ఏది మాఱవలయునో, ఏది నిలువవలయునో ముందే యోచించి వేయుడు.

ఉదయగిరిలో కొయ్య చెంచాలు చేయు పనివారిని చూచిన వారికి ఈ మాట సులభముగా బోధపడును. పనివాడు ముందుగా కొయ్యను గిన్నె, కాడ యని రూపము దిద్దును. నగిషీ చివరి పని. రూపము కుదరని చెంచాను నగిషీ నిలువబెట్టజాలదు. వ్రాతలోను శీర్షిక ఏది, విషయము ఏది, ఉదాహరణము ఏది యని ముందు రూపము దిద్దుకొని, తరువాత రంగు వేయవలయును.

5. తెలుగు అక్షరము తెచ్చు చిక్కు

ఇంగ్లీషు పుస్తకములలో కనబడని చిక్కు ఒకటి మనకు గలదు. చిన్నతరగతుల ఉపాధ్యాయులు గుణింతములు నేర్పునప్పుడు నల్లబల్లపై అక్షరమును తెల్ల సుద్దతోను, గుడిని కొమ్మును ఒత్తులను ఎఱ్ఱ సుద్దతోను వ్రాయుదురు. బిడ్డ కన్ను వెంటనే గుర్తుపైకి పోవును. ఇది మంచి పద్ధతి. దీనినే కంప్యూటరులో చేయబోయినచో తఱచుగా యంత్రము లోబడదు.

కారణము వినుడు. ప్రపంచ భాషల లిపులకెల్ల సంఖ్యలు కేటాయించు ‘యూనికోడ్’ అను ఏర్పాటులో 1991 నాటి మొదటి ప్రతినుండియు తెలుగునకు స్థానము గలదు. దాని ప్రకారము ‘స్త్రీ’ అను అక్షరమును యంత్రము ఆఱు గుర్తులుగా దాచుకొనును: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము. తెఱపై చూపునప్పుడు ఈ ఆఱింటిని కలిపి ఒకే రూపముగా అల్లును. ఆ యల్లిక జరుగవలెనన్నచో ఆఱును ఒక్క గుంపుగా నుండవలయును. నడుమ రంగు మార్చినచో గుంపు రెండు ముక్కలై, ఒత్తు తన తల్లి యక్షరమును విడిపోయి, చుక్కల వలయముతో అనాథవలె కనబడుట కలదు. సాధారణముగా బాణపు మీటతో ఎన్నుకొనునప్పుడు అక్షరమంతయు ఒక్కసారే ఎన్నికయగును. లోపలి గుడిని మాత్రము ఎన్నుకొనుటకు వీలుండదు.

దీనికి మూడు ఉపాయములు గలవు. మొదటిది, గుర్తునకు గాక గుర్తు గల అక్షరమంతటికిని రంగు వేయుట. ‘కిటికి’ అను మాటలో ‘కి’ యను అక్షరములు రెండును ఎఱుపైనచో బిడ్డకు గుడి గల చోటు తెలియును. రెండవది, పేరుతో కలిపి సమీకరణముగా వ్రాయుట: క, గుడి, కి. ఇందు ‘గుడి’ అను మాటకును ‘కి’ అను అక్షరమునకును ఒకే రంగు వేయవచ్చును. మూడవది, అక్షరములను లేత బూడిద రంగులో పెద్దవిగా అచ్చుతీసి, గుర్తులను పిల్లలచేతనే ఎఱ్ఱ పెన్సిలుతో దిద్దించుట. ఈ మూడవ ఉపాయము మాకు మిక్కిలి నచ్చినది. యంత్రము చేయలేని పనిని బిడ్డ చేయి చేయును. చేసిన పని బిడ్డకు జ్ఞాపకముండును.

తెలుగునందు ఒత్తులు చిన్నవిగా అక్షరము క్రింద ఉండును. రంగు లేతయైనచో మొదట కంటికి తప్పిపోవునవి అవియే. ‘గడ్డి’లో ఒత్తు కానరానిచో అది ‘గడి’యగును, ‘అన్న’ ‘అన’యగును. కాబట్టి తెలుగు వ్రాతకు ముదురు రంగులే తగినవి.

6. చదువరి కన్ను

రంగు ముదురో లేతయో కన్నుతో నూహించుట యొక్కటే గాక, లెక్కతో చెప్పుటయు సాధ్యమే. ప్రపంచవ్యాప్త వెబ్ సంఘము 2008లో ప్రకటించిన సౌలభ్య నియమములలో ఇట్టి లెక్క గలదు. అక్షరపు కాంతికిని దాని వెనుక నేల కాంతికిని గల నిష్పత్తిని తీసికొందురు. తెలుపుపై నలుపునకు ఆ నిష్పత్తి 21; ఇది గరిష్ఠము. తెలుపుపై తెలుపునకు 1, ఇది కనిష్ఠము. సాధారణమైన అక్షరములకు 4.5కు తగ్గరాదనియు, పెద్ద అక్షరములకు 3కు తగ్గరాదనియు ఆ నియమము. అది వెబ్ పుటలకై వ్రాసినదైనను కాగితమునకును మంచి కొలతబద్ద.

కొన్ని రంగులను తెల్లని నేలపై ఈ లెక్కతో కొలిచినచో ఇట్లుండును. ముదురు నీలము (0, 32, 96) సుమారు 15. ముదురు ఎఱుపు (192, 0, 0) సుమారు 6.5. నీలము (0, 112, 192) సుమారు 5. తీక్షణమైన ఎఱుపు (255, 0, 0) సుమారు 4 మాత్రమే. ఆకుపచ్చ (0, 176, 80) 3కును తక్కువ. పసుపు (255, 255, 0) ఇంచుమించు 1; అనగా తెల్లకాగితముపై పసుపు అక్షరము వ్రాసినను వ్రాయనట్లే. పెద్దకేకవలె తోచు ఎఱుపు చదువుటకు ముదురు ఎఱుపుకంటె తక్కువదని గమనింపుడు.

ఇంకను ముఖ్యమైన విషయము ఒకటి గలదు. అందఱి కన్నులును రంగులను ఒకే రీతిగా చూడవు. 1794లో జాన్ డాల్టన్ అను ఉపాధ్యాయుడు, తరువాత పరమాణు సిద్ధాంతముచే ప్రసిద్ధుడైనవాడు, తనకు ఎఱుపు ఆకుపచ్చలు ఇతరులకువలె కనబడుట లేదని మాంచెస్టరు నగరమున ఒక సభలో వివరించెను. తన కంటిలోని ద్రవము నీలిరంగుగా నున్నదేమో యని యతని యనుమానము. మరణానంతరము పరీక్షింపుడని కోరెను. 1844లో అతడు మరణించిన పిదప పరీక్షింపగా ద్రవము నిర్మలముగానే యుండెను. దాచియుంచిన ఆ కంటి కణజాలమును 1995లో శాస్త్రజ్ఞులు పరిశీలించి, ఆకుపచ్చను గుర్తించు గ్రాహకము అతనికి లేకుండుటయే కారణమని తేల్చిరి. ఈ లోపము చాలవఱకు తల్లి ద్వారా కుమారులకు సంక్రమించును. ఐరోపా సంతతివారిలో పురుషులకు నూటికి సుమారు ఎనిమిదిమందికి ఇది గలదు. స్త్రీలకు మిక్కిలి అరుదు. మన దేశమునందును ఇట్టివారు గలరు.

తరగతిలో ఉపాధ్యాయుడు ‘ఎఱ్ఱగా నున్న మాటలు చదువుము’ అనినప్పుడు తెల్లబోయి నిలుచు బాలుడు అజాగ్రత్తపరుడు గాకపోవచ్చును. పటములో ఆకుపచ్చ గీతను ఎఱ్ఱగీతయని చెప్పినవాడు మందబుద్ధియు గాకపోవచ్చును. అతని కన్ను చూపినదానినే అతడు చెప్పుచున్నాడు. దానికై దండన పొందినచో, తాను చేయని తప్పునకు శిక్షను పొందినవాడగును. జపాను వైద్యుడు ఇషిహారా 1917లో ప్రకటించిన చుక్కల పటములతో ఈ లోపమును కొద్ది నిమిషములలో కనుగొనవచ్చును. రైలుబండి నడుపుట మొదలగు కొన్ని యుద్యోగములకు రంగుల చూపు పరీక్ష తప్పనిసరి గావున, తల్లిదండ్రులు ముందుగానే కంటివైద్యుని వద్ద పరీక్ష చేయించుట మంచిది.

కన్ను బాగుగా నున్నవారికిని మఱియొక యాటంకము గలదు. అది జిరాక్సు యంత్రము. ఒక హాజరు పట్టికలో వచ్చిన దినములను ఆకుపచ్చ గడులుగాను, రాని దినములను ఎఱ్ఱ గడులుగాను చూపిరనుకొనుడు. తెఱపై అది ముచ్చటగా నుండును. దానిని నలుపు తెలుపు ప్రతిగా తీసినచో ఏమగును? రంగును బూడిదగా మార్చు ఒక ప్రసిద్ధమైన లెక్కలో ఎఱుపునకు నూటికి 30, ఆకుపచ్చకు 59, నీలమునకు 11 వంతులు ఇత్తురు. ఆ లెక్కన 255, 0, 0 అను ఎఱుపు 76వ మెట్టు బూడిద యగును. 0, 128, 0 అను ఆకుపచ్చ 75వ మెట్టు బూడిద యగును. రెంటికిని భేదము లేదు! ఏ దినమును తప్పని బాలుడును, నెలలో పది దినములు తప్పిన బాలుడును ఆ ప్రతిలో ఒక్కటే. విద్యార్థి వేతనమునకు ఆ ప్రతిని జతపఱచిన తండ్రికి కలుగు నష్టము మీరే యూహింపుడు. అదే పట్టికలో రంగుతోపాటు ‘వ’ అనియు ‘రా’ అనియు ఒక్క యక్షరము వ్రాసియున్నచో నష్టమే లేదు.

7. నియమములు

ఇంతవఱకు చెప్పినదానిని అయిదు నియమములుగా సంగ్రహింతుము.

ఒకటి: అర్థమును రంగుపై మాత్రమే మోపరాదు. రంగుతోపాటు మాటయో, గుర్తో, గీతయో ఉండవలయును.

రెండు: ఒక పుటలో నలుపు గాక రెండు రంగులకు మించరాదు. ఒక రంగునకు ఒక్కటే పని యియ్యవలయును. ఆ పనిని చివరి పుటవఱకు మార్చరాదు.

మూడు: తెల్లకాగితముపై ముదురు రంగులనే వ్రాయవలయును. పసుపు, లేత ఆకుపచ్చ, లేత నీలము అక్షరములకు గాక, అక్షరముల వెనుక పూతకు తగును.

నాలుగు: చేతితో మాటమాటకు రంగు వేయక, స్టైలు ద్వారా పనిపనికి వేయవలయును.

అయిదు: పని ముగిసిన పిదప ఒక ప్రతిని నలుపు తెలుపుగా అచ్చుతీసి చదివి చూడవలయును. అందు తెలియనిది ఏమైన నున్నచో రంగుపై అధికభారము మోపినామని గ్రహించి దిద్దుకొనవలయును.

8. అభ్యాసములు

(1) 255, 0, 255 అను సంఖ్యలకు ఏ రంగు వచ్చునో ముందు ఊహించి వ్రాసి, పిదప యంత్రముపై వేసి చూడుడు. 128, 128, 128 ఏ రంగు? మూడు సంఖ్యలును సమానమైనప్పుడెల్ల ఏ జాతి రంగు వచ్చును? కారణము చెప్పుడు.

(2) మీ యింటి వాకిట గల ఎఱ్ఱమన్ను రంగును చూచి, దానికి దగ్గఱగా నుండు మూడు సంఖ్యలను కనుగొనుడు. స్నేహితుని సంఖ్యలతో పోల్చుడు.

(3) ‘క్ష్మ’ అను అక్షరమును యంత్రము ఎన్ని గుర్తులుగా దాచుకొనునో విడదీసి వ్రాయుడు.

(4) క్రీడాదినోత్సవమునకు ఒక ప్రకటన సిద్ధపఱచుడు. శీర్షికకు ‘హెడింగ్ 1’ వాడి, రంగును ఒక్క మార్పుతో మూడు విధములుగా మార్చి చూపుడు.

(5) ఆ ప్రకటనను నలుపు తెలుపుగా అచ్చుతీసి, కండ్లజోడు పెట్టుకొను నొక పెద్దవారికి ఇచ్చి చదివింపుడు. వారు ఎచ్చట తడబడిరో గుర్తించి, ఆ చోట్లను సవరింపుడు.

అయిదవ అభ్యాసమును ఎవరును విడువరాదని మా కోరిక. మనము వ్రాయు కాగితము మన కన్నుల కొఱకు గాదు. దానిని చేతబట్టుకొని ఆఫీసు మెట్లెక్కు తండ్రి కొఱకు, సాయంకాలపు మసక వెలుగులో చదువు అవ్వ కొఱకు, రంగు తెలియని తోటి బాలుని కొఱకు. వారు తడబడక చదివినప్పుడే మీరు ఈ విద్యను నేర్చినట్లు.